పెద్ద కుండలో మట్టం దించిన రోజు

జూలై 18, గురువారం, పగలు. మదనపల్లె శివారులో టమోటా గుజ్జు ఫ్యాక్టరీ, వండే షెడ్డు.

హాజరైనవారు: రైతుల కంపెనీ ప్రెసిడెంటమ్మ. పాన్ మేస్త్రీ. కుప్పం నుంచి వచ్చి మా దగ్గర చేరిన ఇంజనీరమ్మాయి. సరుకు చూసేదానికి బెంగుళూరు నుంచి వచ్చిన కొనుగోలుదారుల మనిషి. క్యాంటీన్ వంటామె (పిలవకుండానే వచ్చింది). నేను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పైఅధికారి ఒకాయన నేర్పిన పద్ధతి ఇది. ఏ పని జరిగినా ముందు తేదీ రాయి, తర్వాత అక్కడ ఎవరెవరు ఉన్నారో రాయి అనేవాడు. పని చెడిపోతే ఆ రోజు అక్కడ ఎవరూ లేరంటారు, పని బాగుపడితే ఊరంతా ఉన్నామంటారు, అందుకని. ఆయన పోయి చాలా ఏళ్ళయింది గానీ, నేను డైరీ రాసేది మానలేదు, ఆ వరస మార్చలేదు. ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరిన పిల్లలు మీ అనుభవం ఒకటి రాయండి సార్ అని అడిగినప్పుడు నా చేయి ముందుగా పోయింది ఈ గురువారం మీదికే. పేర్లు మాత్రం రాయను. బెంగుళూరు ఆయన తప్ప వీళ్ళంతా ఈ చుట్టుపక్కలే ఉండారు. పుంగనూరు బస్టాండులో వారానికొకరు నాకు ఎదురవుతారు.

నేను చాలా ఏళ్ళు చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ల దగ్గర పనిచేశాను. అది మూతపడ్డాక ఈ టమోటా గుజ్జు ఫ్యాక్టరీలో ఇన్‌చార్జిగా చేరాను. అదే నా చివరి ఉద్యోగం. సదుం, పెద్దపంజాణి, పుంగనూరు వైపు రైతులు కలిసి పెట్టుకున్న చిన్న ఫ్యాక్టరీ. టమోటా ధర బాగుంటే మండీకి పోతుంది. ధర పడిపోయినప్పుడు మా దగ్గరికి వస్తుంది. మేము దాన్ని పిండి, వండి, చిక్కటి గుజ్జు చేసి సాసు చేసేవాళ్ళకు అమ్మాలి. కాగితం మీద ఇంతకంటే మంచి ఆలోచన ఉండదు.

ప్రెసిడెంటమ్మది సదుం పక్క పల్లె. సొంతంగా టమోటా పెట్టే మనిషి. స్కూటీ మీద వచ్చేది. ముందర కాళ్ళ దగ్గర ఒక క్రేటు ఎప్పుడూ ఉండేది, ఖాళీదైనా సరే. ఇంటింటికీ తిరిగి రైతుల్ని వాటాదారులుగా చేర్చింది ఆమే. అంతకుముందు ఏడు ధర లేక జనం క్రేట్లు రోడ్డు పక్కన కుమ్మరించి పోయినారు. "ఇంక మీరు కాయలు రోడ్డు మింద పోసే పని ల్యాకుండా నేను సూసుకుంటా" అని మాటిచ్చి వాళ్ళను చేర్పించింది. ఆ మాట మీదనే ఫ్యాక్టరీ నిలబడింది.

ఇప్పుడు కుండ గురించి కొంచెం చెప్పాలి. కొంచెమే.

మూతపడిన వేరే ఫ్యాక్టరీ నుంచి పాతది కొని తెచ్చిన ఉక్కు పాత్ర అది. మనిషికి రెండింతల ఎత్తు. పనివాళ్ళు దాన్ని పెద్ద కుండ అనేవాళ్ళు. దాని కడుపులో నిలువు గొట్టాలు తేనెపట్టు కన్నాల్లాగా ఒత్తుగా ఉంటాయి. గొట్టాల లోపల టమోటా రసం, బయట ఆవిరి. ఆవిరి వేడికి గొట్టంలో రసం మరిగి పైకి లేస్తుంది, నడుమనున్న పెద్ద గొట్టంలో కిందికి దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. తిప్పేదానికి పంపు లేదు. మరగడమే దాన్ని తిప్పాలి. కుండలో గాలి లాగేసి ఉంచుతాం కాబట్టి రసం తక్కువ వేడికే మరుగుతుంది, ఎర్ర రంగు చెడదు. కుండ పక్కన నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల రసం మట్టం ఎంతో అందులో చూసుకోవాలి. ఇంత తెలిస్తే చాలు.

చక్కెర ఫ్యాక్టరీల్లో ఇట్లాంటి వండే పాత్రను పాన్ అంటారు, అందుకని ఈ కుండను నడిపే ఆయన పాన్ మేస్త్రీ. పెద్దపంజాణి వైపు మనిషి. వాళ్ళ నాయన, తాత అంతా బెల్లం వండినవాళ్ళు. ఆయన కూడా ఫ్యాక్టరీకి వచ్చేదాకా ఆ పనే చేశాడు. బెల్లం పెనం దగ్గర పెరిగినవాళ్ళకు ఒక భయం రక్తంలో ఉంటుంది. చెరకు రసం ఇగిరి కిందికి దిగేకొద్దీ పెనం అంచు బయటపడుతుంది, కింద మంట ఉంటుంది, ఆ అంచుకు అంటిన రసం మాడుతుంది, మాడిన చిన్న పెచ్చు పడితే పాకమంతా చేదు. అందుకని వేడి తగిలే చోటు ఎప్పుడూ రసంలో మునిగి ఉండాలి. పెనానికి అది తిరుగులేని న్యాయం. మేస్త్రీ ఆ న్యాయాన్ని అట్లాగే తీసుకొచ్చి పెద్ద కుండకు పెట్టాడు. లోపలి గొట్టాల పైకొస ఎక్కడుందో కొలుచుకొని, దానికి ఒక జానెడు పైన గాజు గొట్టానికి ఎర్ర గుడ్డపేలిక కట్టాడు.

"దీనికి కిందికి లెవెలు దిగిందంటే కుండకు దినం పెట్టినట్టే" అనేవాడు.

నాకూ అది సబబుగానే తోచింది. గొట్టాలు మునిగి ఉంటే మాడవు కదా అనుకున్నాను. నేనే కాదు, ఆ షెడ్డులోకి వచ్చిన వాళ్ళంతా ఆ మాటకు తలూపినవాళ్ళే.

అయినా మాడేది. గుజ్జులో ఆవగింజలో సగముండే నల్ల చుక్కలు వచ్చేవి. గొట్టాల లోపల అంటుకొని మాడిన పొర ఊడి పడేది. చుక్కలు కనబడగానే మేస్త్రీ "యాడో ఆరతాండాది సార్" అని మట్టం ఇంకొంచెం పెంచేవాడు. పెంచితే మరుగు ఇంకా మందగించేది, వంట ఇంకా ఆలస్యమయ్యేది, చుక్కలు ఇంకా ఎక్కువయ్యేవి. మళ్ళీ పెంచేవాడు. రోజూ తెల్లవారి పని మొదలుపెట్టే ముందు కుండ మూత తెరిచి, పొడుగు కర్రకు కట్టిన తీగ బ్రష్షుతో ఒక్కొక్క గొట్టాన్నీ పైనుంచి రుద్ది నల్లపొర రాల్చుకోవాలి. ఆ బ్రష్షు మేస్త్రీ భుజం మీద లేని పొద్దు నేను చూడలేదు.

ఆ జూలైలో టమోటా ధర పడింది. మా యార్డులో క్రేట్లు మనిషెత్తు పేర్చారు. రైతులు తెస్తూనే ఉన్నారు. గుజ్జు కొనేదానికి బెంగుళూరులో ఒక్క కంపెనీ మాత్రమే ఒప్పుకుంది. ముందు మూడు నమూనాలు చూస్తామన్నారు. మొదటిదాన్ని తిప్పి పంపారు. రెండోసారి వాళ్ళ మనిషి సోమవారం నాడు స్వయంగా వచ్చాడు.

ఆయన సంచీలోంచి గుడ్డలో చుట్టిన తెల్ల పింగాణీ పళ్ళెం తీశాడు. గరిటెడు గుజ్జు దాని మీద పల్చగా పూసి, కిటికీ దగ్గరికి పోయి, పెళ్ళిచూపుల్లో అత్తగారు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. మాటలో సగం కన్నడం, సగం తెలుగు.

"టేస్టు చెన్నాగిదె, బాగుంది. కలరు చెన్నాగిదె. ఈ నల్ల చుక్కలే బేడ, వద్దు సార్. మా సాసు బాటిల్లో ఇది కనబడితే కస్టమరు చీమ అనుకుంటాడు."

"ఇంకొక్క సారి సూడండి సార్" అంది ప్రెసిడెంటమ్మ.

"గురువారం వస్తాను మేడం. అదే లాస్టు. మాకు బేరే ఫ్యాక్టరీలు ఉన్నాయి."

ఆయన పోయినాక ఆమె యార్డులోకి నడిచింది. నేను వెనకాల పోయినాను. ఒక క్రేటులో చేయి పెట్టి అడుగు కాయను బయటికి తీసి నొక్కి చూసింది. అప్పటికే మెత్తబడింది.

"సారూ, వీటికి ఇంక నాలుగైదు దినాలే టైము. ఊర్లో మావోళ్ళు ఒక్కొక్కరూ నా మొగం సూసి చేరినోళ్ళు. గురువారం గూడా కాదంటే నేను ఆ వీధిలో ఎట్ల నడిచేది? మళ్ళా రోడ్డు మింద పోసుకోండని నా నోటితోనే చెప్పేదా?"

సమాధానం మా వెనకే వచ్చిన మేస్త్రీ దగ్గరుంది.

"ఇంకొక బెత్తెడు ఎత్తుదాం సార్ లెవెలు."

అప్పుడు నవ్వు రాలేదు గానీ, ఇప్పుడు తలుచుకుంటే వస్తుంది.

ఆ సాయంత్రమే, మిగిలిన వంట దించేటప్పుడు నేను కుండ వెనక నిలబడి ఉన్నాను. గొట్టాల బయట ఆవిరి చల్లబడి నీళ్ళవుతుంది కదా, ఆ నీళ్ళు వెనక ఒక పైపులోంచి కాలువలోకి పడతాయి. పొద్దుటినుంచీ అది వేలి లావు దార. మేస్త్రీ కుండ ఖాళీ చేసేదానికి అడుగు వాల్వు తిప్పాడు. మట్టం ఎర్ర గుడ్డ దాటి దిగింది. ఆ దిగే కాసేపట్లో పైపు దార మణికట్టంత లావైంది. కుండకు పైన ఉండే అద్దంలోంచి చూస్తే లోపల ఎర్రటి రసం చిందులు తొక్కుతోంది. మేస్త్రీ పరిగెత్తిపోయి ఆవిరి కట్టేశాడు. దార సన్నబడింది.

ఇది రోజూ జరిగేదే. రోజూ ఆయన పరిగెత్తి కట్టేసేవాడు. ఆవిరి ఎక్కువగా నీరవుతోందంటే రసం ఎక్కువగా మరుగుతోందని అర్థం. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ పక్క బతికినవాణ్ణి, ఆ లెక్క నాకు తెలుసు. కానీ వంట అయిపోయిన వేళ నీళ్ళ పైపు దగ్గర ఎవరు నిలబడతారు?

ఇంజనీరమ్మాయి నిలబడి ఉంది. నాకంటే ముందునుంచే. నా మొగం చూసి, "మీరూ చూసినారా సార్?" అంది. ఆమెది కుప్పం. ఇంట్లో తమిళం, బడిలో తెలుగు, కోపమొస్తే రెండూ. మా దగ్గర చేరి కొన్ని నెలలే. జేబులోంచి సుద్దముక్క తీసి షెడ్డు నేల మీద ఒక నిలువు గొట్టం బొమ్మ గీసింది.

"చూడండి సార్. గొట్టం నిండా రసం ఉంటే, అడుగున ఉండే రసం మీద పైన ఉండేదంతా బరువు. బరువు కింద అది మరిగేదానికి ఎక్కువ వేడి కావాలి. అందుకని అడుగున మరగకుండా ఊరికే కాగతా ఉంటాది. పైకి వచ్చినాకనే బుడగలు. అంతలోకి గొట్టం అయిపోతాది. బుడగలు తక్కువైతే రసం పైకి లేచేది తక్కువ. మెల్లగా పాకతాది. పాకే రసం గోడకు అంటుకుంటాది. అంటుకున్నది మాడతాది."

"దించితే?"

"సగానికి దించితే అడుగునుంచే బుడగలు. రసం, ఆవిరి కలిసి నురగలాగా గొట్టం పైదాకా ఎగిరిపోతాయి. గోడంతా తడుస్తాది. అంటుకునే దానికి టైమే ఉండదు."

"మరి గాజు గొట్టంలో సగమే కనబడుతుంది కదా?"

"గాజు గొట్టానికి ఆవిరి తగలదు గదా సార్. దాంట్లో బుడగలు లేవు. అది ఉత్త రసం కొలత. లోపల గొట్టాల్లో ఉండేది వేరే."

నేను చాలాసేపు ఆ బొమ్మ వైపే చూశాను. మేస్త్రీ బ్రష్షు భుజాన వేసుకొని వచ్చి దాని మీద నిలబడ్డాడు.

"ఏంది పాపా, తొక్కుడుబిళ్ళా?"

చెప్పాం. విన్నాడు. విని, "నా చేత్తో నేను దించను" అన్నాడు.

సోమవారం వంటకు గొట్టాలు ఎంతగా పట్టేశాయంటే మంగళ, బుధవారాలు వాటిని రుద్దేదానికే సరిపోయాయి. వంట లేదు, పరీక్ష చేసి చూసుకునే అవకాశమూ లేదు. కుండ మూసి బిగించేసరికి బుధవారం మధ్యాహ్నం దాటింది. అందరం క్యాంటీన్లో కూర్చున్నాం. రెండు రోజులు రుద్దిన మేస్త్రీ మొగం ఆ బ్రష్షు కంటే నల్లగా ఉంది.

"సార్, మీకు తెలీదని గాదు. మా నాయన పెనం కాడ నన్ను నిలబెట్టి చెప్పినాడు. రసం దిగితే అంచు మాడతాది. యాడైనా అదే. ఈ పాప సుద్దముక్కతో గీస్తే మాడకుండా పోతాదా? రేపు మాడితే ఎవుర్ని తిడతారు? కాలేజీనా? మేస్త్రీనే గదా!"

"పెనం కింద మంట మేస్త్రన్నా, పైన గాలి" అంది ఇంజనీరమ్మాయి. "మన కుండలో…"

"కుండ కుండే పాపా. నువ్వు ఇంట్లో ఎప్పుడైనా వంట చేసినావా?"

"చేసినా. అడుగంటింది."

"చూసినారా సార్!"

క్యాంటీన్ వంటామె అప్పుడు టీ కోసం పాలు పెట్టి ఉంది. గిన్నెలో సగానికే ఉన్నాయి. మా గొడవ వింటూ పొయ్యి మరిచిపోయింది. పాలు పొంగి అంచు దాటి పొయ్యి మీద పడ్డాయి. "అయ్యో" అని గుడ్డ పట్టుకొని ఉరికింది. మేమంతా తిరిగి చూశాం.

ప్రెసిడెంటమ్మ లేచి గిన్నె దగ్గరికి పోయింది. పొంగు అణిగిన తర్వాత లోపలికి తొంగి చూసింది. పాలు మళ్ళీ సగానికే ఉన్నాయి. అంచు దాకా గిన్నె తడిగా, తెల్లగా ఉంది.

"మేస్త్రన్నా, ఈడికి రా. పాలు యాడున్నాయి?"

"సగానికి."

"తడి యాడిదాకా ఉండాది?"

మేస్త్రీ గిన్నె అంచు మీద వేలు పెట్టి చూశాడు.

"పాప చెప్పేది ఇదే గదా? గాజు గొట్టంలో సగమే అగుపడతాది, లోపల పొంగు మాత్రం పైదాకా తడుపుతాది. నిండుకుండలో పొంగేదానికి చోటు యాడుంటాది?"

"అది పాలమ్మా. ఇది టమోటా."

"కాదని యాడన్నా? నా టమోటానే అది." ఆమె గొంతు కొంచెం మారింది. "ఎత్తి చూసినాం. ఇంకా ఎత్తినాం. రెండు తూర్లు కాదనిపించుకున్నాం. రేపు గూడా అదే చేస్తే అదే వస్తాది. మాడితే ఆ మాట నేను పడతా. నిన్నెవురూ అనరు. సారూ, రేపు దించండి."

మేస్త్రీ ఒక షరతు పెట్టాడు. రసం వాల్వులు నేను తిప్పాలి. ఆవిరి వాల్వు మీద మాత్రం ఆయన చేయి ఉంటుంది. మాడు వాసన ముక్కుకు తగిలిన మరుక్షణం ఆవిరి కట్టేస్తాడు. అప్పుడు ఎవరూ ఆయన్ని ఏమీ అనకూడదు.

"ఆ ముక్కు మీద నాకు నమ్మకముండాది" అంది ప్రెసిడెంటమ్మ.

గురువారం వచ్చింది. బెంగుళూరు ఆయన పొద్దున్నే పళ్ళెంతో సహా దిగాడు. వండే షెడ్డులోనే కుర్చీ వేయమన్నాడు. యార్డులో క్రేట్ల వాసన షెడ్డు దాకా వస్తోంది. ఇంకో రోజు ఆగితే ఆ కాయలు దేనికీ పనికిరావు. పొద్దుటినుంచి వచ్చిన రైతులు గేటు దగ్గర నిలబడి లోపలికి తొంగి చూస్తున్నారు. ప్రెసిడెంటమ్మ వాళ్ళ వైపు వీపు పెట్టి నిలబడింది.

రసం ఎక్కించాం. ఎర్ర గుడ్డ దాకా వచ్చాక మరగడం మొదలైంది. వెనక నీళ్ళ పైపు దగ్గర ఇంజనీరమ్మాయి. గాజు గొట్టం ముందు నేను. ఆవిరి వాల్వు మీద మేస్త్రీ రెండు చేతులూ.

వాల్వు తిప్పి మట్టం మెల్లగా దించడం మొదలుపెట్టాను. ఎర్ర గుడ్డ దాటింది. గొట్టాల పైకొస దాటింది. మేస్త్రీ కళ్ళు మూసుకొని ముక్కుతో గాలి పీలుస్తున్నాడు.

"దార లావైంది సార్!" వెనకనుంచి ఇంజనీరమ్మాయి కేక.

ఇంకొంచెం దించాను. కుండ చప్పుడు మారింది. అప్పటిదాకా కాగే నీళ్ళ గొణుగుడు; ఇప్పుడు వాన ముంచుకొచ్చినట్టు ఏకధాటి హోరు. పైఅద్దంలో ఎర్రటి జల్లు. నా జీవితంలో అంత అందమైన మరుగు నేను చూడలేదు.

అంతలో మేస్త్రీ "మాడతాండాది!" అని అరిచి వాల్వు బిగించేశాడు.

హోరు ఆగిపోయింది. బెంగుళూరు ఆయన కుర్చీలోంచి లేచాడు. నిజంగానే వాసన వస్తోంది, ఘాటుగా. ప్రెసిడెంటమ్మ గాలి పీల్చి చూసి, షెడ్డు తలుపు వైపు తిరిగి గట్టిగా అరిచింది.

"ఏమ్మే! ఏం ఏంచుతాండావు ఆడ?"

తలుపు దగ్గర వంటామె తల కనబడింది. "మధ్యాన్నం చట్నీకి ఎండుమిరపకాయలమ్మా. యాల, ఏమైంది?"

ముందు బెంగుళూరు ఆయన నవ్వాడు. అప్పుడు అందరం నవ్వాం, మేస్త్రీ తప్ప. ఆయన వాల్వు వైపు తిరిగి ఆవిరి మళ్ళీ తెరిచాడు. "ఈ పొద్దు చట్నీ వద్దు" అని మాత్రం అన్నాడు. వంటామె పోలేదు. పొయ్యి ఆర్పి వచ్చి తలుపు పక్కన నిలబడింది. అట్లా ఆమె హాజరైనవారిలో చేరింది.

హోరు మళ్ళీ ఎత్తుకుంది. నేను ఇంకా దించాను. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు రసానికి గొట్టాల్లో మూడో వంతు మట్టం చాలునని పాన్ల దగ్గర వాళ్ళు అనుకోగా విన్నాను. అక్కడిదాకా పోదామని నా ఆలోచన.

"ఆపండి సార్! దార సన్నబడతా ఉంది!" అంది ఇంజనీరమ్మాయి.

"ఈసారి మిరపకాయ గాదు" అన్నాడు మేస్త్రీ అదే క్షణంలో. తల పక్కకు వంచి వింటున్నాడు. "పైన సిటపటమంటాంది. గొట్టం కొస ఆరతాండాది. ఒక బెత్తెడు ఎత్తండి."

చెరకు రసం పల్చన. టమోటా వండేకొద్దీ చిక్కబడుతుంది. అంత ఎత్తు ఎగరలేదు. కొంచెం రసం ఎక్కించి మట్టం ఎత్తాను. చిటపట ఆగింది. "దార మళ్ళీ లావు!" అంది అమ్మాయి. గాజు గొట్టంలో మట్టం సగానికి కొంచెం పైన నిలబడింది. అక్కడే పట్టుకున్నాం. గుజ్జు చిక్కబడేకొద్దీ వాళ్ళిద్దరూ రెండు వైపులనుంచీ చెబుతుంటే నేను అంగుళం అంగుళం ఎత్తుతూ పోయాను. కాసేపటికి ఆ ఇద్దరూ నన్ను పక్కనపెట్టి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

"పాపా, దారెట్లుంది?"

"బాగుంది మేస్త్రన్నా. చప్పుడెట్లుంది?"

"సల్లగుంది."

నేను ఉత్త వాల్వు తిప్పేవాణ్ణయిపోయాను. అంతకంటే మంచి ఉద్యోగం ఎప్పుడూ చేయలేదు.

మామూలుగా సాయంత్రానికి దిగే వంట మధ్యాహ్న భోజనం వేళకే దిగింది. మేస్త్రీ నమ్మలేక చిక్కదనం మళ్ళీ మళ్ళీ చూశాడు.

బెంగుళూరు ఆయన సంచీ విప్పాడు. గుడ్డ విప్పాడు. పళ్ళెం తుడిచాడు. "నోడోణ" అన్నాడు, చూద్దాం అని. గరిటెడు గుజ్జు పల్చగా పూసి కిటికీ దగ్గరికి పోయాడు. మేమంతా ఆయన వీపు చూస్తూ నిలబడ్డాం. అటు తిప్పాడు. ఇటు తిప్పాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎక్కించి, పళ్ళెం ముక్కు దాకా తెచ్చుకున్నాడు. ఒకచోట వేలు పెట్టాడు. ప్రెసిడెంటమ్మ నా మోచేయి పట్టుకుంది. ఆయన ఆ వేలిని వెలుగులో చూసుకున్నాడు.

"ఇది బీజ" అన్నాడు. టమోటా గింజ ముక్క.

తర్వాత ఆ వేలు నాకాడు. ఇంకో గరిటె పోయించుకున్నాడు. అడుగునుంచి ఇంకో నమూనా తీయమన్నాడు. అదీ చూశాడు. చివరికి పళ్ళెం ప్రెసిడెంటమ్మ చేతికి ఇచ్చాడు.

"మీరే చూడండి మేడం. ఏనూ ఇల్ల, ఏమీ లేదు. క్లీన్. రోజుకు ఎంత ఇవ్వగలరు?"

ఆమె పళ్ళెం వైపు చూడలేదు. యార్డు వైపు, గేటు దగ్గరి జనం వైపు తిరిగింది.

"ఆడ ఉండేదంతా" అంది. "రేపు వచ్చేది గూడా."

గేటు దగ్గర ఎవరో ఈల వేశారు. ఒకాయన లోపలికి వచ్చి మేస్త్రీని కౌగిలించుకున్నాడు. మేస్త్రీ దాన్ని వద్దనలేదు. సాయంత్రానికి యార్డులో ఆయన గొంతు వినబడుతోంది: "లెవెలు దించాలని నేను ముందునుంచే సార్‌కు చెప్తాండా…" ఇంజనీరమ్మాయి నా వైపు చూసి చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వింది. నేను డైరీ తీసి హాజరైనవారి పేర్లు రాసుకున్నాను.

ఆ రోజు రాసింది ఇప్పుడు తీసి చదివితే నాకు కనబడేది ఇది. మేస్త్రీ తప్పు మనిషి కాడు, ఆయన న్యాయమూ తప్పు కాదు. పెనానికి అది ఇప్పటికీ సరైనదే. ఒక పని బాగా తెలిసినవాడు కొత్త పనిలోకి వచ్చినప్పుడు తెలిసిందంతా మూటగట్టుకొని తెస్తాడు, దాన్ని విప్పి చూసుకోడు. మనం కూడా ఆ మూటకు గౌరవమిచ్చి తలూపుతాం. మీరు రేపు ఎక్కడ చేరినా, మీ యంత్రాన్ని అందరూ భయపడే వేళలో ఒకసారి నిలబడి చూడండి. అది బాగా పనిచేసేది ఆ కాసేపేనేమో. మా కుండ రోజూ సాయంత్రం మాకు అదే చూపిస్తూ వచ్చింది. మేము రోజూ పరిగెత్తి ఆవిరి కట్టేస్తూ వచ్చాం.

మర్నాడు శుక్రవారం. నేను వచ్చేసరికి మేస్త్రీ కుండ మూత తెరిచి ఉన్నాడు. బ్రష్షు భుజం మీదే ఉంది. గాజు గొట్టానికి ఉండాల్సిన ఎర్ర గుడ్డ పైన లేదు. సగానికి కొంచెం పైన, కొత్త ముడి వేసి ఉంది.

టార్చి వేసి ఇద్దరం లోపలికి తొంగి చూశాం. గొట్టాల నోళ్ళన్నీ ఉక్కు రంగులో మెరుస్తున్నాయి. మేస్త్రీ నమ్మలేదు. వచ్చినందుకైనా ఒక గొట్టంలో బ్రష్షు పైనుంచి కిందిదాకా తోసి బయటికి లాగాడు. తీగల మధ్య ఎర్రటి గుజ్జు పొర మాత్రం అంటుకుంది. దాన్ని వేలితో తుడిచి, వాసన చూసి, నాకి చూశాడు.

"చట్నీకి పనికొస్తాది" అన్నాడు.

గేటు బయట హారన్లు మోగాయి. ట్రాక్టర్లు రోడ్డు మలుపు దాకా నిలబడి ఉన్నాయి. అన్నిటికంటే ముందు ప్రెసిడెంటమ్మ స్కూటీ. ముందర క్రేటు, ఈసారి నిండుగా, ఆమె సొంత తోట కాయలతో.

మేస్త్రీ బ్రష్షు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇంక దీంతో నాకేం పని సార్? మీ ఇంట్లో సాలెగూళ్ళు దులుపుకునేదానికి ఎత్తుకుపోండి" అని, ట్రాక్టర్లకు దారి చూపేదానికి గేటు వైపు పరిగెత్తాడు.